ఎర్ర లైటు వెలిగాక మిగిలిన గంట



కారు తాళం తిప్పగానే మీటర్ బోర్డు మీద ఎరుపు, పసుపు బొమ్మలు కొన్ని ఒక్కసారిగా వెలుగుతాయి. ఇంజిన్ అందుకోగానే ఆరిపోతాయి. వాటిలో ప్లస్, మైనస్ గుర్తులున్న చిన్న పెట్టె బొమ్మ ఒకటుంది. అది ఎర్రది. బండి నడుస్తుండగా ఆ బొమ్మ వెలిగితే చాలామంది నోటి నుంచి వచ్చే మాట "బ్యాటరీ పోయింది" అని. వెంటనే బ్యాటరీ షాపుకి వెళ్తారు. నాలుగైదు వేలు పెట్టి కొత్తది వేయిస్తారు. కొత్త బ్యాటరీ నిండుగా ఉంటుంది కాబట్టి సెల్ఫ్ కొట్టగానే బండి స్టార్టవుతుంది. ఎర్ర లైటు మాత్రం అలాగే ఉంటుంది. మర్నాడు ఆ కొత్త బ్యాటరీ కూడా దిగిపోయి, బండి ఏ ఫ్లైఓవర్ మీదో ఆగిపోతుంది.

లైటు అబద్ధం చెప్పలేదు, మనమే తప్పుగా అర్థం చేసుకున్నాం. ఇంజిన్ నడుస్తున్నా బ్యాటరీకి ఛార్జింగ్ రావడం లేదని అది చెబుతోంది. బ్యాటరీ ముసలిదై చివరి రోజుల్లో ఉంటే సాధారణంగా ఈ లైటు వెలగనే వెలగదు. అలాంటి బ్యాటరీ తన బాధను పొద్దున్నే సెల్ఫ్ కొట్టేటప్పుడు తెలియజేస్తుంది. స్టార్టర్ నీరసంగా తిరుగుతుంది, లేదా టకటకమని చప్పుడు చేసి ఊరుకుంటుంది. ఈ రెండు జబ్బులనీ విడిగా చూడగలిగితే డబ్బు మిగులుతుంది. కొన్ని సందర్భాల్లో ప్రాణాలు కూడా మిగులుతాయి. అందుకే ఇవాళ ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు కారులో కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ఇంజిన్‌ని తిప్పి లేపడానికి స్టార్టర్ మోటారు రెండు మూడు సెకన్ల పాటు నూరు ఆంపియర్లకు పైగానే లాగుతుంది. అది ఇచ్చేది బ్యాటరీ. ఇంజిన్ లేచాక బ్యాటరీ పని దాదాపు అయిపోయినట్టే. అక్కడి నుంచి హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ బ్లోయర్, ఫ్యూయెల్ పంపు, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అన్నిటికీ కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్. ఇంజిన్‌కి ఒక పక్కన బిగించి ఉంటుంది, బెల్టుతో తిరుగుతుంది. మన షెడ్లలో ఇప్పటికీ దాన్ని డైనమో అనే పిలుస్తారు. స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీలో తగ్గిన ఛార్జిని మళ్లీ నింపేదీ అదే. మేడ మీద నీళ్ల ట్యాంకు, కింద మోటారు ఉన్నాయనుకోండి. మోటారు కాలిపోయినా కుళాయిలో నీళ్లు కొంతసేపు వస్తూనే ఉంటాయి. ఆ కొంతసేపు చూసి అంతా బాగానే ఉందనుకుంటే పొరపాటు. కారులో ఎర్ర లైటు వెలిగాక మన చేతిలో ఉండేది సరిగ్గా ఆ కొంతసేపే.

ఆ లైటు అమరిక పాత బళ్లలో ఎంత తెలివిగా ఉండేదో చెప్పాలి. చిన్న బల్బు. దానికి ఒక వైపు బ్యాటరీ కరెంటు, రెండో వైపు ఆల్టర్నేటర్. తాళం తిప్పినప్పుడు ఆల్టర్నేటర్ తిరగడం లేదు కాబట్టి బ్యాటరీ కరెంటు బల్బులోంచి ఆల్టర్నేటర్ వైపు పారుతుంది. బల్బు వెలుగుతుంది. ఆ కాస్త కరెంటే ఆల్టర్నేటర్ లోపలి రోటర్‌ని అయస్కాంతంగా మారుస్తుంది. ఇంజిన్ తిరిగి ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించడం మొదలుపెట్టాక బల్బుకి రెండు వైపులా వోల్టేజీ సమానమవుతుంది. పారడానికి తేడా ఉండదు, బల్బు ఆరిపోతుంది. అంటే ఆ బల్బు హెచ్చరించడమే కాకుండా పని కూడా చేసేది. బల్బు మాడిపోతే కొన్ని బళ్లలో ఆల్టర్నేటర్ అసలు ఛార్జింగే మొదలుపెట్టేది కాదు. అందుకని తాళం తిప్పినప్పుడు ఆ బొమ్మ వెలుగుతోందో లేదో కూడా ఒక కన్నేసి ఉంచండి. ఇప్పటి కార్లలో ఈ పని చాలావరకు కంప్యూటర్ చూసుకుంటుంది. లైటు చెప్పే అర్థం మాత్రం మారలేదు.

ఇక్కడ కొద్దిగా చరిత్ర. సీసం పలకలు, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంటే తయారుచేశాడు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 కాడిలాక్ కార్లలో వచ్చింది. అంతకు ముందు కారు ముందుభాగాన ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పాల్సి వచ్చేది. ఇంజిన్ ఎదురు తన్నితే చేతి ఎముకలు విరిగేవి. స్టార్టర్‌తో పాటు బ్యాటరీ, దాన్ని నింపడానికి డైనమో కారుకి తప్పనిసరి అయ్యాయి. తొలి తరం అంబాసిడర్లలో ఉన్నది ఆ అసలు డైనమోనే, ఆల్టర్నేటర్ కాదు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే అది చాలినంత కరెంటు ఇవ్వలేదు. సిలికాన్ డయోడ్లు చౌకగా దొరికాక, 1960 ప్రాంతంలో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ వేలియంట్ కారుతో ఆల్టర్నేటర్లను పెద్ద ఎత్తున వాడకంలోకి తెచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా ఛార్జింగ్ వస్తూ ఉండటం దానితోనే మొదలైంది.

ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం. మీరు విజయవాడ నుంచి హైదరాబాదు బయల్దేరారు. నందిగామ దాటారు. ఎర్ర బ్యాటరీ బొమ్మ వెలిగింది. ఇంజిన్ మామూలుగానే నడుస్తోంది. ఏం చేయాలి?

మొట్టమొదట పక్కనే ఉన్న టెంపరేచర్ ముల్లు చూడండి. ఇది చాలా ముఖ్యం కాబట్టి నొక్కి చెబుతున్నాను. చాలా బళ్లలో ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టే రేడియేటర్ నీళ్లను తిప్పే వాటర్ పంపును కూడా తిప్పుతుంది. బెల్టు తెగితే రెండూ ఆగిపోతాయి. ముల్లు పైకి పోతుంటే ఇంకొక్క కిలోమీటరు అని ఆశపడకండి. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఆపకపోతే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, హెడ్ వంగుతుంది, కొన్ని వందల రూపాయల బెల్టు కోసం వేలల్లో ఖర్చవుతుంది. ఇంకొకటి, పాత డీజిల్ బళ్లు నడిపేవాళ్లు ప్రత్యేకంగా వినాలి. చాలా బళ్లలో బ్రేకులకు బలాన్నిచ్చే వాక్యూమ్ పంపును ఆల్టర్నేటర్ వెనకాలే బిగిస్తారు. బెల్టు తెగి ఆల్టర్నేటర్ తిరగడం ఆగితే వాక్యూమ్ కూడా ఆగుతుంది. ఒకటి రెండు సార్లు తొక్కాక బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. బండి నిండా జనంతో పెళ్లికో తీర్థానికో పోయే జీపులూ వ్యాన్లూ ఇలాంటివే ఎక్కువ. ఆ డ్రైవర్లకు ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా అనిపిస్తుంది. వాళ్లకు ఎర్ర లైటు వెలిగిందంటే బ్రేకు మీద కూడా అనుమానం రావాలి.

టెంపరేచర్ బాగుంది, బ్రేకు బాగుంది అనుకుందాం. అప్పుడు మిగిలింది సమయం లెక్క. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యం సుమారు 35 ఆంపియర్ అవర్లు ఉంటుంది. పెట్రోలు కారులో అనవసరమైనవన్నీ ఆపేసినా ఫ్యూయెల్ పంపు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్, కంప్యూటర్ కలిసి పది పదిహేను ఆంపియర్ల దాకా తీసుకుంటాయి. బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే, పగటిపూట, అరగంట నుంచి గంట దాకా బండి నడవొచ్చు. రాత్రివేళ హెడ్‌లైట్లు, వానలో వైపర్లు, పైన ఏసీ కూడా తోడైతే అందులో సగం కూడా రాకపోవచ్చు. అందుకని ఏసీ, పాటలు, సీటు దగ్గర ఫోన్ ఛార్జరు, వెనక అద్దం వేడి చేసే స్విచ్చు, అన్నీ ఆపేయండి. పవర్ విండోలు ముట్టుకోకండి. ఇంజిన్‌ని మాత్రం ఆపకండి, ఆపితే మళ్లీ స్టార్ట్ చేయడానికి బ్యాటరీలో బలం ఉండకపోవచ్చు. జగ్గయ్యపేట పాతిక ముప్పై కిలోమీటర్లు. పగలైతే అక్కడికి చేరడం సాధ్యమే. అక్కడ ఆటో ఎలక్ట్రీషియన్ దొరుకుతాడు. సూర్యాపేట దాకా ఈడుద్దామనుకోవడం మాత్రం జూదమే.

రాత్రయితే నా సలహా పూర్తిగా వేరు. చేరగలమా లేదా అని లెక్కలు వేయకండి. మొదట కనబడిన పెట్రోల్ బంకులోనో, దాబా దగ్గర వెలుతురున్న చోటో బండి ఆపేయండి. ఎందుకంటే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యాక ఆగిన బండికి హెడ్‌లైట్లు ఉండవు, వెనక ఎర్ర లైట్లు ఉండవు, హజార్డ్ లైట్లు ఉండవు. చీకట్లో హైవే మీద కనబడని ఇనుప దిమ్మ అది. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకి అది చివరి క్షణం దాకా కనబడదు. బ్యాటరీలో మిగిలిన ఛార్జిని దూరం పోవడానికన్నా, ఆగిన చోట బండి కనబడేలా ఉంచడానికి దాచుకోవాలి. డిక్కీలో ఉన్న ఎర్ర త్రికోణం తీసి, బండికి బాగా వెనకగా రోడ్డు మీద పెట్టండి. మనుషులంతా బండి దిగి రోడ్డు పక్క కంచె అవతలికి పోవాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరుకు ఫోన్ చేయొచ్చు, ఏ వేళలోనైనా పలుకుతుంది.

బ్యాటరీ దిగిపోతున్న గుర్తులు వరసగా వస్తాయి. హెడ్‌లైట్లు పసుపుపచ్చగా మారతాయి. వైపర్లు నెమ్మదిస్తాయి. తర్వాత సంబంధం లేని లైట్లు, ఏబీఎస్‌వీ ఎయిర్‌బ్యాగ్‌వీ వెలగడం మొదలుపెడతాయి. వాటన్నిటికీ విడివిడిగా జబ్బులు రాలేదు, వోల్టేజీ చాలక వాటి కంప్యూటర్లు తడబడుతున్నాయి. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న బండిలో స్టీరింగ్ బరువెక్కుతుంది. ఆ దశ వచ్చిందంటే ఇక నిమిషాలే. బండి ఇంకా కదులుతుండగానే ఎడమ పక్కకు తీసేయాలి.

షెడ్డుకి చేరాక మెకానిక్ ఏం చూడాలి? బానెట్ ఎత్తగానే బెల్టు. వదులైందా, అరిగి మెరుస్తోందా, పగుళ్లున్నాయా. పొద్దున్నే స్టార్ట్ చేయగానే, లేదా వానలో తడిసినప్పుడు కీచుమని అరిచిన బెల్టు నెలల ముందే చెప్పి ఉంటుంది. తర్వాత టెర్మినళ్లు. వాటి మీద తెల్లగానో ఆకుపచ్చగానో పేరుకున్న చిలుము కరెంటుని అడ్డుకుంటుంది. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ తీగ తుప్పు పట్టినా ఇవే కష్టాలు. అవి బాగుంటే ఆల్టర్నేటర్ విప్పాలి. లోపల కార్బన్ బ్రష్‌లు రోటర్‌కి రాసుకుంటూ కరెంటు అందిస్తాయి, కోట్ల సార్లు తిరిగాక అరిగిపోతాయి. రెగ్యులేటర్ పోవచ్చు. డయోడ్ ప్లేటులో ఒక డయోడ్ పోతే పాత బళ్లలో ఎర్ర లైటు పూర్తిగా వెలగకుండా, రాత్రి చీకట్లో మాత్రమే కనబడేంత మసకగా వెలుగుతుంది. బేరింగులు పోతే గుర్రుమనే చప్పుడు ముందే వస్తుంది. వీటిలో చాలావరకు విడిగా మార్చగల భాగాలే. విజయవాడ ఆటోనగర్‌లో వైండింగ్ చేసే చెయ్యి తిరిగిన పనివాళ్లున్నారు. మొత్తం ఆల్టర్నేటర్ మార్చాలని ఎవరైనా అంటే, బ్రష్‌లు, రెగ్యులేటర్ చూశారా అని ఒక్కసారి అడగండి.

ఒక్క పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసి, "బండి ఆగలేదు, కాబట్టి డైనమో బాగుంది" అని తేల్చే పద్ధతి పాత మెకానిక్‌ల్లో ఉంది. డైనమోల కాలంలో చెల్లింది. ఇప్పుడు బ్యాటరీ లేకుండా ఆల్టర్నేటర్ నడిస్తే వోల్టేజీ క్షణంలో కొన్ని రెట్లు ఎగురుతుంది. ఇంజిన్ కంప్యూటర్ మాడిపోవచ్చు. ఆ బిల్లు చూస్తే కొత్త బ్యాటరీ ధర గుర్తుకు కూడా రాదు.

తేల్చుకోవడానికి నాలుగైదు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. ఇంట్లో ఒకటి ఉంచుకోమని గట్టిగా చెబుతాను. బండి రాత్రంతా ఆగి ఉన్నాక, పొద్దున స్టార్ట్ చేయక ముందు బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. 12కి దిగువన ఉంటే దాదాపు ఖాళీ. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీటరు చూడండి, అది 10 వోల్టుల కంటే బాగా కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించిందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. లైట్లు, ఏసీ వేసినా 13 కంటే తగ్గకూడదు. ఇంజిన్ నడుస్తున్నా 12.3, 12.2, 12.1 అని దిగుతుంటే ఛార్జింగ్ రావడం లేదు. కొన్ని కొత్త కార్లలో కంప్యూటర్ అవసరాన్ని బట్టి ఛార్జింగ్‌ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, వాటిలో ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు. 15 దాటి నిలబడితే మాత్రం రెగ్యులేటర్ అదుపు తప్పింది. బ్యాటరీ వేడెక్కుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, బల్బులు మాటిమాటికీ మాడతాయి. చాలా పాత బళ్లలో ఇలా ఎక్కువైనప్పుడు ఎర్ర లైటు వెలగదు. లైటు వెలగలేదు కదా అని ధీమా పడకూడదనేది ఇందుకే.

మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీ మీద పచ్చటి కన్ను ఒకటుంటుంది. బ్యాటరీ లోపలి ఆరు గదుల్లో ఒక్క గది సంగతే అది చెబుతుంది. మిగిలిన అయిదింటిలో ఏది పాడైనా కన్ను పచ్చగానే ఉండొచ్చు. మూడేళ్లు దాటిన బ్యాటరీకి షాపులో లోడ్ టెస్ట్ చేయించడం మేలు.

మన దగ్గర బ్యాటరీకి పెద్ద శత్రువు ఎండ. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం ఎండల్లో బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో ఊహించండి. పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ లోపలి రసాయన చర్యలు దాదాపు రెట్టింపు వేగమవుతాయి. నీరు ఆవిరవుతుంది, పలకలు తుప్పు పడతాయి. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు, యాసిడ్ ఆవిరి కాలేదు, తగ్గింది నీరే. అమెరికాలో షికాగో, మినియాపొలిస్ వైపు ఉన్న మన పిల్లలకు ఇది ఇంకో రకంగా ఎదురవుతుంది. మైనస్ 18 డిగ్రీల చలిలో బ్యాటరీ తన బలంలో సగం కూడా ఇవ్వలేదు. ఇంజిన్ ఆయిల్ చిక్కబడి స్టార్టర్‌కి మాత్రం ఎక్కువ బలం కావాలి. వేసవి ఎండకు దెబ్బతిన్న బ్యాటరీయే అక్కడ జనవరిలో మొరాయిస్తుంది. మంచు పడక ముందే, అక్టోబరులోనే పరీక్ష చేయించుకొమ్మని వాళ్లకు ఫోనులో చెప్పండి.

కారు ఇంటి ముందు పెట్టి ఊరెళ్లేవాళ్ల లెక్క వేరు. తాళం తీసేసినా అలారం, రిమోట్ లాక్, గడియారం కోసం కారు కొంచెం కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్లనుకుంటే రోజుకి 1.2, ముప్పై రోజులకి 36 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తం అంతే. డ్యాష్ కెమెరానో జీపీఎస్ ట్రాకరో తగిలిస్తే ఇంకా ముందే ఖాళీ. నెల రోజులు పోతుంటే మైనస్ టెర్మినల్ విప్పి వెళ్లండి. పూర్తిగా దిగిన బ్యాటరీని చిన్న ప్రయాణంతో నింపుదామనుకుంటే ఆల్టర్నేటర్ మీద భారం పడుతుంది. షాపులో నెమ్మదిగా ఛార్జింగ్ పెట్టించడం సరైన దారి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతంలో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లు తీశాక స్టార్టయిందని సంబరపడే బళ్లలో కూడా ఒండ్రు ఆల్టర్నేటర్ బ్రష్‌లలో, బేరింగుల్లో ఇరుక్కుని ఉంటుంది. అది వారాల తర్వాత బయటపడుతుంది. మునిగిన బండి ఆల్టర్నేటర్‌ని విప్పించి కడిగించకుండా దూర ప్రయాణం పెట్టుకోకండి.

పక్క బండి నుంచి కరెంటు తీసుకోవాల్సి వస్తే వరస తప్పకండి. ఎర్ర తీగ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస దిగిపోయిన బండి ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ మీద హైడ్రోజన్ గ్యాస్ ఉంటుంది, అక్కడ నిప్పురవ్వ పడితే బ్యాటరీ పేలి యాసిడ్ మొహం మీద పడుతుంది. విప్పేటప్పుడు ఇదే వరస వెనక్కి. ప్లస్ మైనస్ తారుమారైతే డయోడ్లు ఆ క్షణంలోనే పోతాయి.

పాత బ్యాటరీ సంగతి చెప్పి ముగిస్తాను. దాని బరువులో సగానికి పైగా సీసమే. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమర రాజా సంస్థ అమరాన్ పేరుతో చేసే బ్యాటరీలైనా, ఇంకెవరివైనా, ఆ సీసాన్ని కరిగించి మళ్లీ కొత్త బ్యాటరీలకు వాడుకోవచ్చు. వీధిలో పాత సామాను కొనేవాడికి అమ్మితే మాత్రం ఎక్కడో ఆరుబయట పగలగొట్టి కరిగిస్తారు. ఆ సీసం ధూళి చుట్టుపక్కల పసిపిల్లల ఒంట్లోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దేశంలో 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదార్లది. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదాన్ని అదే షాపులో ఇచ్చి, దాని విలువ బిల్లులో తగ్గించమని అడగండి. చాలా షాపుల్లో అడిగితే చేస్తారు.